మహలఖా బాయి చందా

రాజుల చరిత్రలు వ్రాయబడినంత విరివిగా రాజసభలలో పాడినవారి చరిత్రలు వ్రాయబడలేదు. కోటలు కట్టించినవారి పేర్లు శిలలపై నిలిచినవి. ఆ కోటలలో తెల్లవారుదాక పాడినవారి పేర్లు మాత్రము శ్రోతలతోపాటే మరుగుపడినవి. అందును ఆ పాడినది స్త్రీ యైనచో, రాత్రి ఆమె పాటకు తల యూచినవారే మరునాడు ఆమె పేరు చెప్పుటకు సంకోచించుట లోకరీతియై యుండెను. అట్టి లోకమున పుట్టి, పాటచే జీవించి, తన పేరును గ్రంథమునందును శిలయందును నిలుపుకొనిన యొక స్త్రీ హైదరాబాదు నగరమున నుండెను. ఆమెయే మహలఖా బాయి. ఆమె చిన్ననాటి పేరు చందా. కవిత్వమున ఆమె ముద్రయు అదియే. చందా యనగా చంద్రుడు. మహలఖా యనగా చంద్రముఖి. ఒకటి తల్లి పెట్టిన పేరు, మరియొకటి దర్బారు ఇచ్చిన బిరుదు. ఈ రెండు పేర్ల నడుమ నడచిన దారియే ఆమె జీవితము.

ఆ కథ ఆమె పుట్టుకకు ముందే గుజరాతు దేశమున నారంభమైనది. మొగలు చక్రవర్తి మహమ్మదుషా కాలమున అహమ్మదాబాదు ప్రాంతమందు ఖ్వాజా మహమ్మదు హుసేను అను నుద్యోగి సుంకముల వసూలు చూచుచుండెను. సర్కారు సొమ్ము లెక్కకు సరిపడలేదు. శిక్షకు వెరచి ఆ యుద్యోగి ఇల్లు విడిచి పారిపోయెను. లెక్క తప్పినవాడు తప్పించుకొనగా, లెక్క ఎరుగని భార్యాబిడ్డలు దాని ఫల మనుభవించిరి. ఆతని భార్య పేరు చందాబీబీ. నిన్నటిదాక గౌరవముగల యింటి యిల్లాలు, ఆడుబిడ్డలను వెంటబెట్టుకొని వీధిన పడెను. బంధువులెవ్వరును ఆదుకొనలేదు. ఊరూరు దాటి, రాజపుత్రస్థానమందలి దేవలియా చేరునప్పటికి ఆ కుటుంబమునకు పూటకు తిండి లేని దశ ప్రాప్తించెను.

అక్కడ వారికి నీడ యిచ్చినవారు రాజులును కారు, మఠాధిపతులును కారు, భగతీయులు. భగతీయులనగా ఊరూర తిరిగి పాడుచు, ఆడుచు, వేషములు కట్టుచు పొట్ట పోసికొను సంచారులు. మన భాగవతులను, వీధినాటకములవారిని తలచుకొన్నచో వారి జీవనము పాఠకులకు కన్నులయెదుట నిలుచును. రాత్రి ఆట ముగియగానే మేళము సర్దుకొని తెల్లవారకముందే పొరుగూరి దారి పట్టువారు వారు. భూమి లేదు, పట్టా లేదు, ఊరి లెక్కలలో పేరు లేదు. అట్టివారు తమ గంజిలో పాలు పంచి, ఆ దిక్కులేని తల్లిబిడ్డలను తమలో కలుపుకొనిరి. బాలికలు వారివద్ద పాటయు ఆటయు నేర్చిరి. వారిలో మీదాబీబీ యను బాలిక తరువాతికాలమున రాజ్ కున్వర్ అను పేరున ప్రసిద్ధి గాంచెను.

ఇట్లు తిరుగుచు పాడువారి కథ ఒక్క దేశమునకే పరిమితమైనది కాదు. ఇంచుమించు వేయి సంవత్సరముల క్రిందట హిందూదేశపు వాయవ్య ప్రాంతములనుండి బయలుదేరిన కొన్ని కుటుంబములు పారశీకము, తురుష్కదేశము దాటి ఐరోపాఖండము చేరెను. వారే నేడు రోమా జాతివారని పిలువబడుచున్నారు. నీటిని వారు నేటికిని పానీ యనియే యందురు. రెండు, మూడు, అయిదు అను సంఖ్యలకు దుయ్, త్రిన్, పాంజ్ అని వారి మాటలు. హంగరీ, రుమేనియా దేశములలో వారి మేళములు పేరు పొందినవి. ఆ మేళములలో ఫిడేళ్లతోపాటు సింబలోము అను వాద్యము వినవచ్చును. వెడల్పైన పెట్టెపై పెక్కు తంత్రులు బిగించి, రెండు చిన్న పుల్లలతో వానిని తట్టి వాయింతురు. కాశ్మీరదేశపు సంతూరు దానికి చుట్టమే. అట్టి మేళమునకు నాయకురాలై హంగరీ జమీందారుల మన్నన పొందిన పన్నా త్సింకా యను ఫిడేలు విద్వాంసురాలు 1772లో మరణించెను. ఆమె మరణించునాటికి మన చందా నాలుగేండ్ల బాలిక. ఒకరి నొకరు ఎరుగని ఈ యిరువురి కథలలో పోలిక యున్నది. దారిన పోవువారి విద్య ప్రభువుల కూటముల కెక్కినది. దానిని ఎక్కించినది స్త్రీ.

చందాబీబీ కుటుంబము దేవలియానుండి దక్షిణాపథము పట్టి బుర్హానుపూరు చేరెను. అది ఉత్తరదేశమునుండి దక్కనుకు వచ్చు సేనలకును వర్తకులకును ద్వారము వంటి పట్టణము. నిజాము సేనల వెంట ఆ కుటుంబము ఔరంగాబాదునకును, పిదప హైదరాబాదునకును తరలెను. ఆ కాలమున రెండవ నిజాము అలీఖాను పరిపాలించుచుండెను. ఆతని కాలముననే రాజధాని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మారినది. కుతుబుషాహీల పతనానంతరము వెలవెలబోయిన చార్మినారు పరిసరములు మరల కళకళలాడజొచ్చినవి. మూసీ దక్షిణపుటొడ్డున అమీరుల దేవిడీలు లేచినవి. ఢిల్లీ చెదరుటచే ఆశ్రయము వెదకుచున్న గాయకులు, కవులు, చిత్రకారులు ఒక్కరొక్కరుగా ఈ నగరమునకు వచ్చి చేరిరి.

రాజ్ కున్వర్‌కును బహదూరు ఖాను అను మొగలు మనసబుదారునకును 1768 ఏప్రిలు 7వ తేదీన చందా జన్మించెను. ఆ పుట్టుకను గూర్చి యొక కథ వంశములో చెప్పుకొనుచుండిరి. రాజ్ కున్వర్ గర్భవతియై మౌలా అలీ గుట్టకు యాత్రగా వెళ్లినపుడు గర్భము నిలుచునో నిలువదో యను అపాయము కలిగెనట. వెంటనున్న తజల్లీ అలీషా, గుట్టమీది దర్గానుండి పవిత్రమైన దారమును, ధూపపు విభూతిని తెచ్చి యిచ్చెనట, గండము గడచెనట. తజల్లీ అలీషా సామాన్యుడు కాడు. చిత్రకారుడు, కవి, నిజాముల చరిత్ర రచించిన పండితుడు. కథలోని మహిమ మాట యెట్లున్నను, చందా జీవితకాలమంతయు మౌలా అలీ పట్ల చూపిన భక్తికి మూలము ఇందున్నది.

బాలికను ఆ కుటుంబములోనిదే యగు మెహతాబ్ కున్వర్ పెంచుకొనెను. మెహతాబ్‌కు సంతానము లేదు. ఆమె నిజాము దివాను రుక్నుద్దౌలా యాదరణలో నున్నది. అందువలన చందా పెద్ద దేవిడీలో పెరిగెను. మంచి గురువులు, మేలైన గ్రంథములు అందుబాటులో నుండెను. ఏడేండ్ల వయసులో, 1775లో, రుక్నుద్దౌలా హత్య చేయబడెను. పోషకుడు పోయినచో పోషితుల గతి యేమగునో ఆ యింటివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పెద్దతరము గుజరాతులో అనుభవించినదే. ఒకరి దయపై నిలిచిన యిల్లు ఒక్క రాత్రిలో కూలునని ఆమె చిన్ననాడే కన్నులార చూచినది. తరువాత ఆమె చేసిన పనులన్నిటి వెనుక ఈ యెరుక కనబడుచున్నది.

ఆమెకు సంగీతము నేర్పినవాడు ఖుషాల్ ఖాను. అనూప్ అను ముద్రతో రచనలు చేసిన ఈ విద్వాంసుడు ఢిల్లీ కళావంతుల పరంపరకు చెందినవాడు. రాగదర్శనము అను సంగీతగ్రంథమును రచించెను. ఒకవైపు భగతీయుల వీధిపాట, మరియొకవైపు ఢిల్లీ దర్బారు సంగీతము. ఈ రెండు ధారలును చందా కంఠమున కలిసినవి. పాటతోపాటు నృత్యము, పారసీక ఉర్దూ భాషలు, కవిత్వము, గుర్రపుస్వారి, విలువిద్య నేర్చెను. నిజాము అలీఖాను దండయాత్రలకు వెడలునపుడు మూడు పర్యాయములు పురుషవేషమున గుర్రమెక్కి సేనతో సాగెనని చెప్పుదురు. రుక్నుద్దౌలా తరువాత ప్రధానియైన అరస్తూ జాహ్, ఆయన తరువాత మీర్ ఆలం, పేష్కారు చందూలాలు మహారాజు, ఇట్టి రాజ్యధురంధరులు ఆమెను మన్నించిరి. రాచకార్యములందును ఆమె సలహా అడుగుచుండిరి. ఆమె పల్లకిలో వెడలునపుడు 500 మంది సైనికులు వెంట నడచెడివారట. రాకను తెలుపుచు నగారా మ్రోగెడిదట. నగారా అమీరులకు మాత్రమే చెల్లు లాంఛనము. ఆమె యెవ్వరిని వివాహమాడలేదు.

ఆమెకు లభించిన జాగీరులలో అడిక్‌మెట్టు, హైదర్‌గూడ ముఖ్యమైనవి. పాటకు మెచ్చి పైకమిచ్చుట, శాలువ కప్పుట అన్ని దేశములందును కలదు. భూమి నిచ్చుట వేరు. పైకము ఖర్చగును, శాలువ చినుగును. భూమి మాత్రము పేరును పట్టి యుంచును. తిరుగుళ్లతో తెల్లవారిన కుటుంబములో రెండు తరములు దాటగానే జాగీరుదారు వెలసినది. ఆ భూమిని ఆమె దాచుకొని యూరకుండలేదు. నాంపల్లి దగ్గర హవేలి కట్టించి, బాలికలను చేరదీసి, వారికి చదువు, పాట, నృత్యము నేర్పించెను. గ్రంథములు సేకరించి గొప్ప పుస్తకభాండాగారము నెలకొల్పెను. గులాం హుసేను ఖాను జౌహర్ అను పండితుడు ఆమె ప్రోత్సాహమున మాహ్‌నామా యను చరిత్రగ్రంథము రచించెను.

ఇచట నొక విశేషము గమనింపదగినది. ఐశ్వర్యము వచ్చినవారు తమ పూర్వుల పేదరికమును కప్పిపుచ్చి, లేని రాజవంశములతో చుట్టరికము కలుపుకొనుట లోకమున కద్దు. మహలఖా బాయి అట్లు చేసి యుండవచ్చును, కాదనువారు లేరు. అయినను పారిపోయిన తాత, వీధిన పడిన అవ్వ, గంజి పోసిన భగతీయులు, వీరి కథ చెరిగిపోలేదు. అది వంశచరిత్రలో నిలిచి మనదాక వచ్చినది. అన్నము పెట్టినవారిని మరువకపోవుట ఆ యింటి గుణమని తలపవలెను.

ఆమె గొప్పతనమునకు శిఖరము ఆమె కవిత్వము. గజలు అను ఛందోరూపమున ఆమె రచన సాగినది. గజలులో రెండేసి పాదముల పద్యములు వరుసగా కూర్చబడును. ఒక్కొక్క జంట తనంతట తానే ఒక భావమును పూర్తి చేయును. చివరి జంటలో కవి తన ముద్ర నుంచును. మన పదకర్తల ముద్ర వంటిదే యది. మహలఖా బాయి గజలులో ఐదేసి జంటలుండును. విరహము, వసంతము, పానపాత్ర, దీపము చుట్టు తిరుగు శలభము, ఇవన్నియు వచ్చి, చివరకు మాట మౌలా అలీ వైపునకు మరలుచుండును. సభలోని రసికులకు శృంగారముగా తోచినది, పాడిన యామెకు ప్రార్థనగా ముగియును.

1798లో ఆమె తన గజళ్లను దివానుగా కూర్చి వ్రాయించెను. దివానన నిచట కవియొక్క సంపూర్ణ పద్యసంపుటి. చాలకాలము ఉర్దూలో దివాను కూర్చిన మొదటి స్త్రీ ఆమెయే యని పండితులు తలచిరి. తరువాత దక్కను కవయిత్రియే యగు లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాను బయటపడినది. అది 1797 నాటిది. ఒక్క యేటి తేడా. దీనివలన మహలఖా బాయి కీర్తికి లోపమేమియు లేదు. ఒక్క దక్కనులోనే ఏడాది వ్యవధిలో ఇరువురు స్త్రీలు గ్రంథకర్త్రులైరను సంతోషమే మనకు మిగులును.

1799 అక్టోబరులో నొక నృత్యసభ జరిగెను. శ్రీరంగపట్టణము పడి, టిప్పు సుల్తాను మరణించి, ఐదు మాసములు మాత్రమే గడచినవి. దక్కను భవిష్యత్తు ఎవరి చేతిలోనికి పోవుచున్నదో నగరములోని పెద్దలందరు గ్రహించిరి. సభకు ఇంగ్లీషు కుంపిణీ యుద్యోగి కెప్టెన్ జాన్ మాల్కం విచ్చేసెను. సభలో పాడినవారు అతిథివద్ద బహుమాన మందుకొనుట వాడుక. మహలఖా బాయి వాడుకను తలక్రిందులు చేసి, తన దివాను ప్రతిని తానే అతిథికి బహూకరించెను. తన్ను చూచుటకు వచ్చినవాని చేతిలో చదువుటకు పుస్తక ముంచెను. ఆ ప్రతి సముద్రము దాటి సీమకు పోయినది. నేటికిని లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

మౌలా అలీ గుట్ట పాతబస్తీకి ఈశాన్యముగా కొన్ని క్రోసుల దూరమున నున్నది. కుతుబుషాహీల కాలమునుండి రజబు మాసమున అచట ఉర్సు జరుగుచున్నది. హిందువులును ముసల్మానులును అందు పాల్గొందురు. రాజ్ కున్వర్ మరణించినపుడు, 1792లో, కుమార్తె ఆ గుట్ట పాదముననే తల్లికి సమాధి కట్టించెను. చుట్టును నాలుగు భాగముల తోట, మసీదు, బావి నిర్మించెను. ఊరూర తిరిగి ఎక్కడను తనదను జాగా లేక పెరిగిన తల్లికి ఇట్లొక శాశ్వతమైన చోటు లభించినది. 1824లో మహలఖా బాయి కాలధర్మము నొందెను. అప్పటికి ఆమెకు 56 సంవత్సరములు. తల్లి ప్రక్కనే ఆమెను సమాధి చేసిరి. తన సంపదను దిక్కులేని స్త్రీలకు చెందునట్లు ఆమె ఏర్పాటు చేసెనని చెప్పుదురు. అవ్వ పడిన పాటు మనుమరాలు మరచినది కాదు.

ఆమె మరణించిన యేడే ఆమె గజళ్లు గుల్జారె మహలఖా అను పేరున వెలువడినవి. గుల్జారనగా పూదోట. అనంతరము లోకపు తీరు మారినది. పాటకత్తెలను సభలకు పిలుచుట తప్పను భావము పందొమ్మిదవ శతాబ్దాంతమున ప్రబలెను. వారి వృత్తిలోని కష్టమును, అన్యాయమును ఎత్తి చూపుట న్యాయమే. కాని ఆ యూపులో వారి విద్యయు, వారి గ్రంథములును కూడ త్రోసివేయబడినవి. తెనుగుదేశపు పాఠకులకు దీనికి దగ్గరి యుదాహరణ కలదు. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చొత్తింపగా, మరుసటి యేడు దొరతనమువారు దానిని నిషేధించిరి. స్వాతంత్ర్యకాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ గ్రంథము బ్రదికినది యనిన, దానిని దాచినవారును అచ్చొత్తించినవారును ఉండబట్టియే.

మహలఖా బాయి తోటయు కొంతకాలము ముండ్లపొదలతో నిండెను; గోడలు పగిలెను. 2010, 2011 సంవత్సరములలో దక్కను అధ్యయనకేంద్రమువారు, అమెరికా రాయబారి సాంస్కృతిక నిధి సహాయముతో, ఆ తోటను, సమాధులను బాగుచేయించిరి. 2016లో స్కాట్ కుగల్ అను పండితుడు ఆమెను గూర్చియు, ఆమెకు ముందటి కవి సిరాజ్ ఔరంగాబాదీని గూర్చియు ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించెను. ఆమె జాగీరైన అడిక్‌మెట్టు నేలపై నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము నిలిచి యున్నది. వేలకొలది బాలబాలికలు, ఆ భూమి యెవరిదో తెలిసియు తెలియకయు, అచట చదువుకొనుచున్నారు.

ఆమె కంఠ మెట్లుండెనో నేడు చెప్పగలవారు లేరు. మన దేశమున పాటను యంత్రమున పట్టి యుంచుట 1902లో గాని ఆరంభము కాలేదు. అప్పటికి ఆమె గతించి 78 సంవత్సరములు. భగతీయుల పాట యెట్టిదో, బుర్హానుపూరు దారిలో రాజ్ కున్వర్ ఏ రాగము నాలపించెనో, నిజాము సభలో ఏ చరణమునకు ఎవరు తల యూచిరో, అదంతయు వినినవారితోనే పోయినది. సైనికులు, పల్లకి, నగారా కూడ పోయినవి. కాగితముపై వ్రాసియుంచినది మాత్రము పోలేదు. దివాను పుటలు తెరచినవారికి రెండు శతాబ్దములకు పూర్వపు యొక స్త్రీ తన పేరు చెప్పుకొనుచు నేటికిని కనబడును. పాడువారు ఊరికి రాగా వినుటకు కూడినవారు, ఆ పాట ఆగిన పిదప దానిని ఒక పుటయందైన వ్రాసి గ్రంథాలయపు బీరువాలో నుంచినచో, మన యూళ్లలోని ఎన్ని పేర్లు ఇట్లే నిలిచియుండెడివో పాఠకులు యోచింతురు గాక.